వాటర్ క్వాలిటీ: లో

పెళ్లయ్యాక జంగారెడ్డిగూడెం నుంచి భీమవరం దగ్గరి పల్లెకు, చీరలతోపాటు నా గేమింగ్ కంప్యూటర్ కూడా మోసుకొచ్చాను. మామగారికి అది బొత్తిగా గిట్టలేదు. "దసరా వెళ్లేదాకా చూస్తానమ్మా. ఆ తర్వాత దాన్ని మీ పుట్టింట్లో దింపేసి రా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే మరి.

ఓ ఆదివారం పొద్దున పడవ పందెం గేమ్ ఆడబోతూ సెట్టింగులు తెరిచాను. పాత కంప్యూటరు, అన్నీ తగ్గిస్తే తప్ప పడవ కదలదు. కాఫీ గ్లాసుతో నా వెనక నుంచి వెళ్తున్న మామగారు ఠక్కున ఆగిపోయారు.

"వాటర్ క్వాలిటీ 'లో' అని ఉందేంటమ్మా?"

"నేనే పెట్టానండి, స్పీడు కోసం."

"నువ్వే పెట్టావా! చేతులారా నీళ్లు పాడుచేసుకుంటారేంటి ఎవరైనా? మెట్ట పిల్లవి, నీకేం తెలుసులే. రొయ్యలన్నీ పైకి తేలిపోతాయి!"

ఆయన బతుకంతా ఇంటి వెనక రొయ్యల చెరువుల గట్ల మీదే గడిచింది. చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబు వాళ్లు ఆ మాటంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఇందులో రొయ్యలు లేవండీ మొర్రో అన్నా వింటేనా! చచ్చినట్టు హై పెట్టాను. కంప్యూటర్ లోపలి ఫ్యాన్లు ఒక్కసారిగా బుర్రుమన్నాయి.

"అద్దీ! ఏరేటర్లు అందుకున్నాయి" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఆ యంత్రాల మోత వింటేగానీ ఆయనకు నిద్ర పట్టదు. కరెంటు పోతే ముందు వాటికే జనరేటర్ వేయిస్తారు.

నీళ్లు తళతళలాడాయి, పడవ మాత్రం నత్తనడక పట్టింది. ఇక తప్పక నీడలు తీసేశాను, మిగతావన్నీ ఇంకా తగ్గించాను. చెట్లు అట్టముక్కలయ్యాయి. ఆకాశం సున్నం కొట్టిన గోడలా తేలింది. చివరికి పక్క పడవల వాళ్లకు ముక్కూ మొహమూ కూడా పోయాయి.

"వీళ్లకి కళ్లు లేవండి మావయ్యగారూ!"

"కళ్లెందుకమ్మా వాళ్లకి? నీళ్లు చూడు, రంగు ఎంత బాగా తిరిగిందో!"

ఆ బోడి లోకంలో పడవ ఎట్టకేలకు పరుగెత్తింది. నేను అందరికంటే ఆఖరున వచ్చాను. అయినా మర్నాటి నుంచి ఆయన రోజూ వచ్చి, నీళ్లు చూసి, తల పంకించి వెళ్లేవారు. కంప్యూటర్ మాట మాత్రం ఎత్తేవారు కాదు.

దసరా వెళ్లిపోయింది. కంప్యూటర్ సర్దేయడానికి అట్టపెట్టె దించుకుని, ఆఖరిసారిగా ఓ పందెం ఆడదామని కూర్చున్నాను. సగంలో కరెంటు పోయింది. ఫ్యాన్ల మోత ఆగిందో లేదో, పెరట్లోంచి మా ఆయన మీద మామగారి కేక:

"ఒరేయ్, జనరేటర్ లైను ముందు ఇంట్లోకి ఇవ్వరా! కోడలి చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయి!"