ఎనభై సెంటీమీటర్లు

జ్యోతిర్మయి తన కొలతలు ఎవరి దగ్గరా దాచలేదు. దాచినా దాగేవి కావు.

నలభై నాలుగేళ్ల మనిషి. యూనివర్సిటీ లైబ్రరీలో తాళపత్రాల గది ఆమెది. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలో పదకొండు వందల కట్టలను ఒక్కొక్కటే విప్పి, తుడిచి, నిమ్మగడ్డి నూనె రాసి, ఎర్రగుడ్డలో చుట్టి, దేనిలో ఏముందో రాసిపెట్టింది. అంతకుముందు వాటిని చదివింది చెదపురుగులే. కాపురం మౌలాలిలో. భర్త ఇన్నయ్య ఆర్టీసీ కండక్టరు. చీపురుపుల్లలా ఉంటాడు. ఏ దుకాణంలోకి వెళ్లినా అయిదు నిమిషాల్లో అతనికి చొక్కా దొరుకుతుంది. ఆ ఒక్క విషయంలో ఆమె అతన్ని ఇంతవరకు క్షమించలేదు.

దుకాణాలతో ఆమెది పాత పగ. తార్నాకలో రెడీమేడ్ షాపులన్నీ ఆమెకు తెలుసు. ఆమె కూడా వాటికి తెలుసు. గాజు తలుపు తోసుకుని అడుగు పెట్టగానే సేల్స్ అమ్మాయి కళ్లు ముందు నడుము మీద వాలతాయి. తర్వాత తీరిగ్గా మొహం మీదికి వస్తాయి. "మీ సైజ్ లేదు మేడం" అంటుంది, ఏం కావాలో అడగకముందే. ఒకసారి జ్యోతిర్మయి వెళ్లింది చేతిరుమాలు కోసం.

సైజు ఉన్నచోట రంగు ఉండదు. నలుపు, లేకపోతే నేవీ బ్లూ. లావుగా ఉన్నవాళ్లు బతికినంతకాలం ఎవరికో ఒకరికి సంతాపం తెలుపుతూ ఉండాలని మిల్లుల వాళ్ల అభిప్రాయం కాబోలు. పొరపాటున రంగు ఉంటే దాని మీద సోఫా కవర్ల మీద ఉండేంత పెద్ద పువ్వులుంటాయి. ఒక షాపులో పెద్ద సైజులు పై అంతస్తులో ఉన్నాయన్నారు. లిఫ్టు లేదు. మూడంతస్తులు రొప్పుతూ ఎక్కితే అక్కడున్నవి గర్భిణులు వేసుకునే గౌన్లు.

"ఎన్నో నెల మేడం?" అని అడిగింది అక్కడి అమ్మాయి.

"నలభై నాలుగో ఏడు" అంది జ్యోతిర్మయి.

గాజుల దుకాణంలో రెండు-పది సైజు అడిగితే సబ్బు తెచ్చేవారు. చేతి గడియారం బెల్టుకు చెప్పులు కుట్టే చంద్రయ్య దబ్బనంతో అదనంగా ఒక బెజ్జం పొడిచి పెట్టాడు. భుజం మీంచి అడ్డంగా వేసుకునే బ్యాగు నడుము దాకా రాకుండా చంకలోనే ఆగిపోయేది. ఈ దేశంలో అందరినీ సమానంగా చూసే వస్త్రం నైటీ ఒక్కటేనని ఆమె నమ్మకం. కానీ నైటీ వేసుకుని లైబ్రరీకి రానివ్వరు.

అందుకే ఆమె చీర మనిషి అయింది. చీర ఎవరినీ సైజు అడగదు. అడిగేది జాకెట్టు.

ఆ జనవరిలో యూనివర్సిటీకి ఢిల్లీ నుంచి తనిఖీ కమిటీ వస్తుందన్నారు. రోడ్డు పక్క రాళ్లకు నలుపూ తెలుపూ వేశారు. ఎండిన మొక్కలు రాత్రికి రాత్రి కుండీలతో సహా మాయమై పచ్చనివి వచ్చాయి. లైబ్రరీలో ఏర్పాట్లన్నీ ప్రొఫెసర్ శ్యామలాంబ చేతిలో పడ్డాయి. ఏలూరు మనిషి. సన్నగా, నిటారుగా, కొత్త పెన్సిల్‌లా ఉంటుంది. ఆడవాళ్లందరినీ రీడింగ్ హాల్లోకి పిలిచింది.

"అందరం ఒకే చీర కట్టుకుందాం. పసుపు మీద నీలం అంచు. గ్రూపులో ఫోటో పెట్టాను, చూశారుగా? ఇరవై రెండు చీరలు ఒకే లాట్‌లో చెప్పేశాను. జాకెట్టు ముక్క కూడా అందులోనే వస్తుంది, వేరే కొనక్కర్లేదు."

ఇరవై మంది బాగుందన్నారు. జ్యోతిర్మయి చెయ్యెత్తింది.

"జాకెట్ ముక్క ఎంతుంటది మేడం?"

"అందరికీ ఉన్నంతే ఉంటుందమ్మా. ఎనభై సెంటీమీటర్లు."

"అందరికి ఉన్నంత నాకు సరిపోదు మేడం."

"టైలర్లు ఎలాగో సర్దేస్తారు లెండి. ఇంకో మాట. యూనిఫాం చీర కట్టుకున్నవాళ్లే కమిటీ ముందు నిలబడాలి. తేడాగా ఉన్నవాళ్లు వెనక రిజిస్టర్ల గదిలో కూర్చోండి. ఫోటోలన్నీ అప్‌లోడ్ చెయ్యాలి, మళ్లీ బాగుండదు."

"మరి తాళపత్రాలు ఎవరు చూపిస్తరు?"

"మీకు కుదరకపోతే అలేఖ్య చూపిస్తుంది. మీరు ఒక పేజీ రాసివ్వండి, చదివేస్తుంది."

అలేఖ్య కంప్యూటర్ సెక్షన్ పిల్ల. చేరి రెండేళ్లయింది. మంచిదే, కాని తాళపత్రాన్ని దోసె తిరగేసినట్టు తిరగేస్తుంది. ఆమె తప్పు లేదు, ఎవరూ నేర్పలేదు. జ్యోతిర్మయికి కోపం వచ్చింది అలేఖ్య మీద కాదు. పంతొమ్మిదేళ్లలో బయటివాళ్లు ఆ గదిలోకి వచ్చి ఇవేమిటని అడగబోవడం ఇదే మొదటిసారి. జవాబు చెప్పే పావుగంట తనది. ఆ పావుగంటకు, తనకు మధ్య ఇప్పుడొక గుడ్డ ముక్క అడ్డం పడింది.

నరహరి దుకాణం తార్నాక వెనక సందులో, ఒక మేడ మెట్ల కింద ఉంటుంది. మనిషి నిలబడితే తల మెట్టుకు తగులుతుంది, అందుకని అతను ముప్ఫై ఏళ్లుగా కూర్చునే ఉన్నాడు. క్యాంపస్ ఆడవాళ్లు చాలామంది అతని దగ్గరే కుట్టించుకుంటారు. టేపు పెట్టి కొలిచే పని లేదు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇస్తారు, అతను దాన్ని చూసి కొత్తది కుడతాడు. లోపల మూడు వరుసలు కుట్టు వేస్తాడు. ఒళ్లు చేసినప్పుడల్లా ఒక వరుస విప్పుకోవచ్చు. జ్యోతిర్మయి తెచ్చిన ఆది జాకెట్టులో మూడు వరుసలూ ఎప్పుడో విప్పేసి ఉన్నాయి.

నరహరి బల్ల మీద పసుపు గుడ్డ పరిచాడు. దాని మీద ఆది జాకెట్టు పెట్టాడు. గుడ్డ కనిపించలేదు.

"ఏంది చెల్లె, దస్తీ తెచ్చినవా?"

"పరాచికాలొద్దు నరహరన్నా. చేతులు పొట్టిగ పెట్టు."

"చేతుల సంగతి తర్వాత. వీపు వస్తే ఎదురు రాదు. ఎదురు వస్తే వీపు రాదు. ఏదన్న ఒక్కటి చెప్పు."

"కమిటోళ్లు ముంగటి నుంచే చూస్తరు."

"వాళ్లు పోయేటప్పుడు?"

"నేను తిరగ."

నరహరి ఆ ఆలోచనను కాసేపు నిజంగానే పరిశీలించాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

చీరల షాపుకు ఫోన్ చేస్తే లాట్ అయిపోయిందన్నారు, అది మళ్లీ రాదన్నారు. ఆమె మ్యాచింగ్ సెంటర్లు తిరిగింది. పసుపులో నలభై రకాలున్నాయి. ఆమెకు కావలసింది నలభై ఒకటోది. ఒకతను దగ్గరగా ఉన్న ముక్కను గుమ్మంలోకి తెచ్చి, "ఎండల జూడండి మేడం, కలుస్తది" అన్నాడు. "మా లైబ్రరీల ఎండ లేదు" అంది ఆమె.

చీర చివర కోసి జాకెట్టులో కలుపుదామా అంటే, చీరకూ అదే కష్టం. ఆమె చుట్టూ తిరిగి వచ్చేసరికే అది అలసిపోతుంది. నరహరి కొలిచి చెప్పాడు.

"కోస్తే రెండు కుచ్చిళ్లు మిగుల్తయి."

"రెండు కుచ్చిళ్లతోని నడుసుడెట్ల?"

"నడవకు. నిలబడు."

ఇంట్లో ఇన్నయ్య అంతా విని, "మాకైతే యూనిఫాం డిపోలనే ఇస్తరు" అన్నాడు. ఆమె చూసిన చూపుకు పళ్లెం తీసుకుని వాకిట్లోకి పోయి తిన్నాడు.

ఎల్లుండి కమిటీ అనగా జ్యోతిర్మయి అలేఖ్యకు ఇవ్వవలసిన పేజీ రాసింది. మూడుసార్లు రాసి మూడుసార్లు చింపింది. పదకొండు వందల కట్టలు ఒక పేజీలో పట్టలేదు. నాలుగోసారి పట్టించింది. పట్టనివి వదిలేసింది. ఆ కాగితం అలేఖ్య చేతిలో పెట్టి, సాయంత్రం గుడ్డ వెనక్కి తెచ్చుకుందామని నరహరి దగ్గరికి వెళ్లింది.

"వాపస్ ఇయ్యన్నా. నా వల్ల కాదు" అంది. స్టూలు మీద కూర్చుంది. నరహరి ఏమీ అనకుండా గుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టాడు. మామూలుగా పది మాటలు మాట్లాడే మనిషి. ఆ రోజు కళ్లెత్తి చూడలేదు.

ఆమె గుడ్డ అందుకుని లేచింది. చీరకు అతుక్కుని, స్టూలు మీది దిండు కూడా ఆమెతో పాటు లేచి, కింద పడింది. వంగి తీసింది. దిండుకు కొత్త గలీబు ఉంది. పసుపు రంగుది. నాలుగు వైపులా నీలం అంచు.

ఆమె దిండును నరహరి ముందుకు చాచింది.

"ఇదేంది నరహరన్నా?"

"ఏది?"

"నేను గిప్పటిదాంక దేని మీద కూసున్న?"

నరహరి కత్తెర కింద పెట్టాడు. "మా పనిల ఉండేదే చెల్లె. అందరు టైలర్లు చేసేదే. సన్నటోళ్లకు అరవైల అయిపోతది. మిగిలింది మిగుల్తది."

"మిగల్లేదని చెప్తవు గద అందరికి?"

"మిగిలిందని చెప్తే మల్లొచ్చేపాలి అరవయ్యే తెస్తరు. అప్పుడు నీలాంటోళ్లకు నేనేం జెయ్యాలె?"

ఇందులో న్యాయం ఎక్కడో ఉందని ఆమెకు అనిపించింది. వెతకడానికి తీరిక లేదు.

"ఎంతమందివి కుట్టినవు?"

"పద్నాలుగు."

"ఇంక ఎంతున్నది?"

నరహరి మిషను కింది నుంచి ఒక సంచి లాగాడు. మొహమాటపడుతూ విప్పాడు. చేతి వెడల్పు ముక్కలు, జానెడు ముక్కలు, పొడుగాటి అంచులు. పద్నాలుగు మంది సన్నని ఆడవాళ్ల మిగుళ్లు అందులో పసుపుపచ్చగా మెరిశాయి.

"హరిచందనకు గౌను కుడ్దామనుకున్న" అన్నాడు. "నా మనవరాలు."

"ఎన్నేండ్లు?"

"మూడు."

"మూడేండ్ల దానికి బజారు బజారంత ఉన్నదే. ఏ దుకాన్ల అడిగినా దొరుకుతది. నాకు ఈ సంచొక్కటే ఉన్నది."

నరహరి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత దిండు తీసుకుని గలీబు కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. రెండు కుట్లు విప్పి ఆగాడు.

"ఒక్క మాట చెల్లె. ఎవలన్న అడిగితే నా సంగతి చెప్పొద్దు. పద్నాలుగు మంది ఆడోళ్లు మీదికొస్తే నాకు ఈ మెట్లు గూడ మిగలవు."

"చెప్ప."

మర్నాడు సాయంత్రానికి జాకెట్టు తయారైంది. అతుకు పడ్డచోటల్లా నరహరి నీలం అంచు వేశాడు. అతుకులన్నీ డిజైన్ అయి కూర్చున్నాయి. ఉత్సాహం కొద్దీ చేతులు మోచేతుల దాకా దించాడు. జ్యోతిర్మయి వేసుకుని రెండు చేతులూ పైకెత్తింది. ఎక్కడా పట్టలేదు. అంత హాయిగా ఉన్న జాకెట్టు ఆమె ఒంటి మీదికి రాలేదు ఇంతవరకు.

కమిటీ వచ్చే రోజు పొద్దున ఇరవై రెండు పసుపు చీరలు లైబ్రరీ మెట్ల మీద రెండు వరుసల్లో నిలబడ్డాయి. జ్యోతిర్మయి ముందు వరుసలోకి వెళ్లి నిలబడింది. శ్యామలాంబ అందరి కుచ్చిళ్లూ చూసుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగింది. చేతుల మీది నీలం అంచు చూసింది. తన చేతులు చూసుకుంది. అవి భుజం కింద నాలుగు వేళ్ల దగ్గర ఆగిపోయి ఉన్నాయి.

"ఇదేమిటమ్మా, మీకు మోచేతుల దాకా వచ్చిందే? నాకు గుడ్డ చాల్లేదన్నాడు నరహరి!"

"నాకూ అదే చెప్పిండు" అంది వెనక వరుసలోంచి స్నిగ్ధ.

ఒకరి తర్వాత ఒకరు తమ చేతులు తడుముకున్నారు. పద్నాలుగు మంది తలలు ఇటు తిరిగాయి.

"ఎనభై సెంటీమీటర్లలో మీకెలా సరిపోయింది?" అంది శ్యామలాంబ. అది కుశలప్రశ్న కాదు.

నరహరి పేరెత్తితే సాయంత్రానికి తార్నాక సందులో మెట్ల కింద ఏమవుతుందో జ్యోతిర్మయికి తెలుసు. ఎత్తకపోతే వేరే గుడ్డ కలిపానని ఒప్పుకోవాలి. అప్పుడు యూనిఫాం కాదంటారు, రిజిస్టర్ల గదిలోకి పొమ్మంటారు. గేటు దగ్గర కార్లు మలుపు తిరుగుతున్నాయి.

"సన్నబడ్డ మేడం" అంది.



శ్యామలాంబ ఆమెను తల నుంచి పాదాల దాకా చూసింది. మళ్లీ పాదాల నుంచి తల దాకా చూసింది. చదువుకున్న ఆడవాళ్లు ఇరవై ఒక్కమంది అక్కడున్నారు. కాదనాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి, నువ్వు లావుగానే ఉన్నావని మొహం మీద అనాలి. పంతొమ్మిదేళ్లుగా క్యాంటీన్‌లో, కారిడార్లో, బస్టాపులో ఆమె వెనక అంటున్న మాటే. ఎదురుగా ఒక్కరికీ నోరు పెగల్లేదు.

"అవునవును" అంది శ్యామలాంబ చివరికి. "తెలుస్తోంది."

"థాంక్యూ మేడం."

అలేఖ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాస్త తేరుకున్నాక పక్కకు జరిగి, "అక్కా, డైట్ ఏంది?" అని గుసగుసగా అడిగింది.

"జొన్నరొట్టె. పదిహేను దినాలు."

"ఎన్ని?"

"లెక్కపెట్టలే."

అలేఖ్య చేతిలో ఉన్న కాగితం మడిచి ఆమెకు ఇచ్చేసింది. "నువ్వే చెప్పక్కా. మూడుసార్లు చదివిన, నాకు ఒక్క ముక్క ఎక్కలే."

కమిటీలో ముగ్గురున్నారు. తాళపత్రాల గదికి పావుగంట కేటాయించారు. ముగ్గురిలో పెద్దాయన గుమ్మంలోనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. జ్యోతిర్మయి కాగితం తీయలేదు. ఒక పశువైద్య గ్రంథం దించి, దారం విప్పి, సగానికి తెరిచింది. ఆమె ఇంగ్లీషు పెద్దదేం కాదు. ఆ పనికి చాలింది. ఇక్కడిదాకా ఎద్దుల రోగాలు, అంది. ఈ ఆకు దగ్గర రాసినాయనకు ఒళ్లు మండింది. రాయించుకుంటున్న దొర తనకు పోసిన చారులో నీళ్లు తప్ప ఏమీ లేవని, ఈ ఇంట్లో ఎద్దులే నయమని ఇక్కడ రెండు వరుసలు రాసుకున్నాడు. దొరకు చదువు రాదు. అందుకని రెండు వందల ఏళ్లుగా ఆ తిట్టు అలాగే భద్రంగా ఉంది. ఆ వెంటనే మళ్లీ గిట్టల వాపుకు మందు.

పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు. ఏదీ, ఎక్కడ అన్నాడు. మిగతా ఇద్దరూ వంగారు. ఆమె అక్షరం కింద వేలు పెట్టి చదివి వినిపించింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగారు.

పావుగంట దాటింది. అరగంట దాటింది. శ్యామలాంబ గుమ్మంలోకి వచ్చి, అవతల భోజనాలు చల్లారిపోతున్నాయని చేత్తో సైగ చేసింది. జ్యోతిర్మయి ఆమె వైపు చూసింది. చూసి, ఇంకో కట్ట విప్పింది.