మాటల్లేని సినిమాకు మాట చెప్పిన మనిషి

తొంభైల చివర్లో నేను నంద్యాలలో ఉంటూ ఆళ్లగడ్డలో ఒక ఆడపిల్లల బడిలో సోషల్ చెప్పేదాన్ని. రోజూ బస్సులో శిరివెళ్ల దాటేదాకా నిలబడటం, సీటు కోసం ఎవరితోనో ఒకరితో గొడవపడటం, ఆ వేడి మీదే బడిలోకి అడుగుపెట్టడం. ఆ బడిలో నేను పోట్లాడి సంపాదించుకున్నది ఒక్కటే, తొమ్మిదో తరగతికి శనివారం ఆఖరి పీరియడ్. ఆ ముప్పావుగంటకూ పరీక్షకూ సంబంధం ఉండదు. పేపరు చదువుకోవచ్చు, మ్యాపులు గీసుకోవచ్చు, ఊరికే వాదించుకోవచ్చు.

దాని మీద లెక్కల మాస్టరు కన్ను పడింది. పదో తరగతి పరీక్ష తొమ్మిదిలోనే మొదలవుతుందని ఆయన నమ్మకం. వదిలేస్తే ఒకటో తరగతిలోనే మొదలుపెట్టేవాడు. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఆ పీరియడ్లో ఏం నేర్పిస్తాండారో నాకొకతూరి చూపీండి మేడం. బాగుంటే మీదే. లేకుంటే లెక్కలకిచ్చేస్తా" అన్నాడు.

బుద్ధిగా ఒక మంచి పాఠం చెప్పి ఆయన్ను సాగనంపొచ్చు. నేనట్లా చేస్తే నేనెందుకవుతాను. సినిమా చూపిస్తానన్నాను.

ఆ సినిమాను నేను డిగ్రీలో ఉండగా ఒకసారి చూశాను. కథ లేదు, ఒక్క మాట లేదు. కొండల మీద మబ్బులు పరుగెత్తుతుంటాయి. ఉప్పుమళ్లలో ఆడవాళ్లు మోకాళ్లదాకా దిగి ఉప్పు లాగుతుంటారు. ఏదో మహానగరంలో జనం వరద మాదిరి మెట్లు దిగుతుంటారు. వెనకాల సంగీతం, అంతే. చూసి బయటికొచ్చాక బస్టాండుదాకా నేనెవరితోనూ మాట్లాడలేదు. నన్నెరిగినవాళ్లకు అదెంత పెద్ద సంగతో తెలుసు.

ఆ క్యాసెట్ నంద్యాలలో ఒక వీడియో షాపులో, పాత పౌరాణికాల కింద నలిగి ఉంది. బడిలో పిల్లలకు చూపించాలని అడిగితే షాపాయన ముఖం ముడుచుకున్నాడు.

"అది చెడిపోయింది మేడం. మాట రాదు. రెండుతూర్లు హెడ్డు క్లీన్ చేసి చూసినా. బొమ్మ వస్తాండాది, మ్యూజిక్ వస్తాండాది, మనుషులే నోరు తెరస్తల్యా."

"అందులో మనుషులు మాట్లాడరప్పా."

"మాట్లాడకుంటే అది సినిమా ఎట్లయితాది?"

"అట్లనే అయితాది. ఇటియ్యి."

ఆయన నా మీద జాలిపడి ఒక కొత్త సినిమా కూడా సంచిలో పెట్టాడు. "ఇది కూడా ఉంచుకోండి మేడం. అది చూసినాక పిల్లోళ్లు ఏడుస్తే ఇది వేద్దురు."

టీవీ, వీసీపీ ఆళ్లగడ్డలోనే అద్దెకు మాట్లాడాను. ఆ రోజుల్లో పెట్టెలతో పాటు మనిషి కూడా వచ్చేవాడు. వైర్లు కలిపి, క్యాసెట్ పెట్టి, అయిపోయేదాకా పక్కనే కూర్చుని, మళ్లీ అన్నీ ఎత్తుకుపోయేవాడు. అంతవరకు నాకు తెలుసు. తెలియనిదేమిటంటే, వచ్చినాయనకు ఇంకో పని కూడా ఉంది. క్రిస్మస్ ముందర చర్చివాళ్లు కోయిలకుంట్ల దిక్కు పల్లెల్లో తెర కట్టి ఇంగ్లీషు భక్తి సినిమాలు వేస్తే, మైకు పట్టుకుని అందులో ఏం జరుగుతోందో తెలుగులో చెప్పేది ఈయనే. ఆ పల్లెల్లో సినిమా ఎట్లా ఉందని ఎవరూ అడగరు, చెప్పేటాయన ఎట్లా చెప్పాడని అడుగుతారు.

శనివారం వచ్చింది. కిటికీలకు మ్యాపులు వేలాడదీసి చీకటి చేశాను. యాభైమంది పిల్లలు కింద కూర్చున్నారు. హెడ్మాస్టరు చివరి పావుగంటకు వస్తానన్నాడు. "నోరు మెదపకుండా చూడండి. మాటలన్నీ తర్వాత" అని చెప్పి నేను వెనక గోడకు ఆనుకున్నాను.

మబ్బులు మొదలయ్యాయి. టీవీ పక్కనున్న మనిషి గొంతు సవరించుకుని లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఇది బాగా చలి దేశం. ఈ మబ్బులే మన నల్లమల మీదికి వచ్చేది. కాకపోతే ఈడికొచ్చేలోపల నీళ్లన్నీ అయిపోతాయి."

"ఏమప్పా, నువ్వు కూర్చో" అన్నాను.

"కూర్చుంటే వెనకాలోళ్లకు వినపడదు మేడం."

"వినాల్సిందేమీ లేదు. ఈ సినిమాకు మాటలుండవు."

"అందుకే గదా నేను చెప్తాండేది."

ఆ ముఖంలో పొగరు లేదు, నన్ను ఎగతాళి చేస్తున్నదీ లేదు. మాట రాని బొమ్మ కనబడితే మాట సాయం చెయ్యడం తన బాధ్యత అనుకుంటున్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలివ్వని మనుషులతో ఇదే చావు. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఉప్పుమళ్లు వచ్చాయి.

"వీళ్లు చక్కెర తీస్తాండారు" అన్నాడాయన.

"ఉప్పు" అన్నాను. నోరు మెదపొద్దని చెప్పిన నోటితోనే.

"తెల్లగ చక్కెర మాదిరే ఉంది గదా మేడం."

"చక్కెర నేలలో పండుతుందా? చెరకు యాడ పోయింది?"

పిల్లలు సినిమా వదిలేసి ఆయన్నొకసారి, నన్నొకసారి చూస్తున్నారు. నేను చూపించాలనుకున్న నిశ్శబ్దం చచ్చిపోయింది. చంపింది సగం ఆయన, సగం నేను.

తర్వాత ఒక రాతి క్వారీ వచ్చింది. కొండంత బండ మీద ఒకడు ఉలి పెట్టి సుత్తితో కొడుతున్నాడు. "ఈ బండను ఈయప్ప ఒక్క దెబ్బకు రెండు చేస్తాడు చూడండి" అన్నాడు మావాడు. ముందు వరసలో శిల్పులవాళ్ల పిల్ల ఒకతి ఉంది. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి విగ్రహాలు చెక్కుతారు. ఏడాదంతా నా క్లాసులో దాని గొంతు హాజరు పలికేటప్పుడు తప్ప విన్నది లేదు.

"రెండు కాదన్నా, ముక్కలైతాది" అంది. "పొర చూసుకోకుండా అడ్డం కొడ్తాండాడు."

"నీకెట్ల తెల్సు పాప?"

"మా నాయన నన్ను దినామూ తిట్టేది దానికే."

సుత్తి పైకి లేచింది. సరిగ్గా అప్పుడే బొమ్మ మారి ఏదో సముద్రం వచ్చింది. బండ రెండయిందా, ముక్కలయిందా తెలియలేదు. అంతే, గది రెండుగా చీలింది. సగం మంది పిల్ల వైపు, సగం మంది ఆయన వైపు. ఒకతి లేచి వెనక్కి తిప్పమంటుంది, ఇంకొకతి తిప్పితే మాత్రం ఏం కనపడుతుందంటుంది. హెడ్మాస్టరు తలుపు తీసింది అప్పుడు.

"మాటల్లేని సినిమా అంటిరి గదా మేడం. ఈ గలాటా ఏంది?"

ఆయన ముందు వరసలోని శిల్పులవాళ్ల పిల్లను లేపి ఏం నేర్చుకున్నావని అడిగాడు. "రాయికి పొర ఉంటాది సార్. అది చూసి కొట్టల్ల. ఈయన్నకు తెలీదు" అంది. హెడ్మాస్టరు కుర్చీ లాక్కుని కూర్చుని బెల్లు కొట్టేదాకా లేవలేదు.

తర్వాత గదికి పిలిపించాడు. "పీరియడ్ మీదే. కానీ ఆయప్ప రావల్ల. ఆయప్ప రాని దినం లెక్కలకు పోతాది."

"సార్, ఆయన ఉప్పును చక్కెర అన్నాడు."

"అందుకే రావల్ల. మీరు చెప్తే పిల్లోళ్లు రాసుకుంటారు. ఆయప్ప చెప్తే కాదంటాండారు. ఆ పాప మాట్లాడగా నేనెప్పుడూ విన్లేదు. మీరు విన్నారా?"

విన్లేదు. అయినా పావుగంట వాదించాను. నిశ్శబ్దం కూడా ఒక చదువేనన్నాను. "అయితే మీరు ముందు నేర్చుకోండి మేడం" అన్నాడు. సరే అని వచ్చేశాను. నిశ్శబ్దం వదులుకుంటే పీరియడ్ మిగిలింది.

గంటన్నర సినిమా, వారానికి కొంచెం చొప్పున వేసుకుంటున్నాం. మూడో శనివారం ఆయనకు జ్వరం. పెట్టెలతో భార్యను పంపించాడు. ఆమె వైర్లు కలిపి, క్యాసెట్ పెట్టి, గోడవారగా కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లలూ మాట్లాడలేదు. తెర మీద ఒక పెద్ద నది, దాని మీద మెల్లగా కదులుతున్న ఓడలు. నేను మొదటినుంచీ కోరుకున్నది అచ్చంగా ఇదే. రెండు నిమిషాలు అనుభవించానో లేదో, కిటికీ మ్యాపు అంచు పక్కకు తొలగి లెక్కల మాస్టరు ముఖం కనిపించింది. చేతిలో సుద్దముక్క, చంకలో పుస్తకం. చెప్పేటాయన రాలేదని అప్పటికే ఎవరో మోసినట్టున్నారు. అటువైపు వరండాలో హెడ్మాస్టరు.

నేను టీవీ పక్కకు వెళ్లి నిలబడ్డాను.

"పిల్లలూ, ఇది మన కుందూ నది" అన్నాను.

ఒక్క క్షణం ఎవరికీ నమ్మకం కలగలేదు. ఆ మాట అంటున్నది సోషల్ మేడం మరి.

"కుందూలో ఓడలు యాడుండాయి మేడం?" అంది వెనక నుంచి ఒకతి.

"ఉన్నాయి. నువ్వు చూడలేదు."

"మా ఇల్లు గట్టు మీదే మేడం. ఎండాకాలం బర్రెలు గూడా మునగవు ఆడ."

అందరూ ఒక్కసారే లేచారు. ఆ గోలకు హెడ్మాస్టరు కిటికీలోంచి తొంగిచూసి, తల ఊపి, లెక్కల మాస్టరును భుజం పట్టుకుని తీసుకుపోయాడు. గోడవారగా కూర్చున్న ఆమె మాత్రం నన్నే చూస్తూ, "మా ఆయనే నయం" అంది మెల్లగా.