ఉమ్మడి మేజోళ్ళు, మూడు రహస్య ప్రశ్నలు

అమలాపురంలో నేను కంప్యూటరు నేర్చుకున్న చోట అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది ముక్కు మూసుకోవడం. కింద ఎరువుల కొట్టు, మేడ మీద కంప్యూటరు. మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన మనిషిని సగం చంపేది. మిగిలిన సగాన్ని పై గుమ్మం దగ్గర మేజోళ్ళు చూసుకునేవి.

కంప్యూటరుకు దుమ్ము గిట్టదని, చెప్పులు విడిచి మేజోళ్ళు తొడుక్కుంటేనే లోపలికి రానిస్తామని మా మాస్టారి శాసనం. ఆ కేంద్రానికి యజమానీ ఆయనే, పంతులూ ఆయనే. ఎనభైల చివర కోనసీమలో మేజోళ్ళున్న మగవాడంటే పెళ్ళికొడుకైనా అయి ఉండాలి, పోలీసైనా అయి ఉండాలి. అందుకని మాస్టారే కాసిని ఉమ్మడి మేజోళ్ళు కొని గుమ్మంలో తాడుకు వేలాడదీశారు. వచ్చినవాడల్లా తొడుక్కోవడం, వెళ్ళేవాడల్లా విప్పి తాడు మీద వెయ్యడం. వాటిని ఎవరైనా ఉతికిన దాఖలా లేదు. కొన్నప్పుడు తెల్లగా ఉండేవట. నేను చేరేనాటికి వాటికి రంగు పోయి రోషం మిగిలింది. నేల మీద నిలబెడితే నిలబడేవి. ముసురు రోజుల్లో కాలు దూర్చితే లోపల ఏదో కదిలి సర్దుకుని మనకు చోటిచ్చినట్టుండేది.

లోపల ఏసీ. అది మనుషుల కోసం కాదు, యంత్రం కోసం. దాని నీరు బొట్లు బొట్లుగా బకెట్లో పడేది. ఆ బకెట్లో దోమలు మూడు తరాలుగా కాపురముంటున్నాయి. కింద పరిచిన తివాచీ మీద అడుగేస్తే బురదలో వేసినట్టు చప్పుడు. ఇక మీటల బోర్డు. పొద్దున్నే తలలకు కొబ్బరినూనె పట్టించుకుని అదే చేతుల్తో వచ్చేవాళ్ళం అందరమూ. ఆ బోర్డును గానుగలో వేసి తిప్పితే ఒక ఇంటికి నెలకు సరిపడా నూనె దిగేది. ఒక అక్షరం నొక్కితే వేలు జారి పక్క అక్షరం పడేది.

ఇంత రోతను నేనెందుకు భరించానంటే, అవతల దీన్ని మించిన రోత నా కోసం కాచుకుని ఉంది. ఐ.పోలవరంలో మా మేనమామ రొయ్యల షెడ్డు పెట్టారు. రొయ్యల తలకాయలు తీసి, ఒలిచి, ఐసులో వేసి పంపడం ఆయన వ్యాపారం. ఆయన మా ఇంటికి వస్తున్నారంటే ముందు వాసన వచ్చేది, చాలాసేపటికి స్కూటరు చప్పుడు వచ్చేది, ఆ తరవాత ఆయన వచ్చేవారు. ఆయన కూర్చున్న కుర్చీని మా అమ్మ, తోడబుట్టినవాడని కూడా చూడకుండా, వెనకే బిందెడు నీళ్ళతో కడిగేసేది.

"ఏరా అల్లుడూ, ఆ టీవీ ముందు కూచుని టకటకలాడిత్తే ఏటొత్తాదిరా? నా షెడ్డుకొచ్చెయ్. తలకాయలు నువ్వు తియ్యక్కర్లేదు. తీసేవోళ్ళని చూత్తే చాలు."

"చూడ్డమే కష్టం మావయ్యా."

"అయితే కళ్ళు మూసుకుని చూడు."

నాన్న తీర్పు చెప్పేశారు. "దసరా దాకా ఆగుతాను. ఈలోగా కంప్యూటరు ఉద్యోగం వస్తే సరేసరి. రాకపోతే మావయ్య వెనకాల స్కూటరెక్కు."

ఆ స్కూటరు వెనక సీటును తలుచుకున్నప్పుడల్లా ఉమ్మడి మేజోళ్ళు నాకు మల్లెపూల దండల్లా కనిపించేవి.

అలాంటి సమయంలో మా మాస్టారికి ఒక బేరం తగిలింది. కొబ్బరి వర్తకుల సంఘం ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. ఎక్కడెక్కడి కొనుగోలు పార్టీల నుంచో ట్రంకు కాల్లో కబుర్లొస్తే, ఏ వర్తకుడికి వచ్చిన కబురు ఆ వర్తకుడికి చెప్పడం అతని పని. చెప్పడమంటే ఏమిటి, అరవడం. "మీ లోడు తిప్పి పంపేత్తన్నారండోయ్!" అని అతను గదిలోంచి అరిస్తే కాలవ అవతలి ఒడ్డున గడ్డి మేస్తున్న గేదెలు కూడా తలెత్తి, ఎవరి లోడా అని చూసేవి. వ్యాపార రహస్యాలు గాలికి పోతున్నాయని సంఘం అధ్యక్షులవారు మాస్టారి దగ్గర మొర పెట్టుకున్నారు.

మాస్టారు తలుపులు వేసుకుని ఆలోచించి, తలుపులు తీసుకుని ప్రకటించారు. కంప్యూటరులో వర్తకుడికొక పెట్టె. ఎవరి కబురు వారి పెట్టెలో పడుతుంది. ఎవరి పెట్టె వారే తెరుచుకుంటారు. ఇలాంటిది భూమండలం మీద ఇంకెక్కడా లేదన్నారు. ఉందో లేదో వెళ్ళి చూసొచ్చే తాహతు మాలో ఎవరికీ లేదు కనక ఒప్పుకున్నాం. అది కుదిరితే సంఘం ఆఫీసులో యంత్రం ముందు కూర్చునే ఉద్యోగం నాదేనని ఆయన మాటిచ్చారు.

"మరి పెట్టె తెరిచేవాడు అసలు మనిషో కాదో దానికెలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

"హైదరాబాదులో నాకు ఒక రహస్యమైన మాట పెట్టుకోమని నేర్పేరోయ్. అది మనవాళ్ళ దగ్గర పారదు. పొద్దున్న పెట్టుకున్న మాట మధ్యాహ్నం భోజనంతో పాటు మింగేస్తారు. మనిషి చచ్చినా మర్చిపోలేనిది అడగాలి."

"ఏమడుగుతారండీ?"

"కొత్తమనిషి ఎదురైతే మనమేమడుగుతాం? అదే!"

అలా పుట్టాయి ఆ మూడు ప్రశ్నలు. తాతగారి పేరు. అమ్మగారి పుట్టిల్లు. చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన ముద్దుపేరు. పైగా జవాబు తప్పితే 'తప్పు' అని మొహాన చెప్పకూడదని, చెబితే పెద్దమనుషులు మెట్లు దిగి వెళ్ళిపోతారని, దానికి మర్యాద కూడా నేర్పారు. తప్పు కొడితే తెర మీద ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, పచ్చగా, 'ఆయ్, ఇంకొక్కసారి సెలవియ్యండి' అని పడేది. ఎన్నిసార్లు తప్పు కొట్టినా అంతే వినయం. ఒప్పు కొడితే 'దయచెయ్యండి బాబూ.'

ప్రదర్శన రోజున అధ్యక్షులవారు సంఘం పెద్దలందరినీ వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన పక్కనే ఉపాధ్యక్షులు. ఆయన అధ్యక్షులవారికి స్వయానా బావమరిది. గుమ్మంలో అందరూ తాడు మీద మేజోళ్ళ కోసం దేవులాడుకుని, దొరికినవాటిలో దూరారు.

"ఏంటయ్యా ఇది, తడిగా ఉంది?" అన్నారు అధ్యక్షులవారు కాలు ముడుచుకుని.

"చల్లగా ఉంటాదనండి, ఏసీకి తోడుగా," అన్నారు మాస్టారు.

పరీక్షగా అధ్యక్షులవారినే ఒక కబురు పెట్టమన్నాం. రహస్యం కదా, మాస్టారితో సహా అందరినీ బయటికి పంపేసి, కొట్టే వేళ్ళు కావాలి కనక నన్నొక్కణ్ణీ ఉంచుకున్నారు. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు నా చెవిలో ఊదారు. ఊదడంతో పాటు ముక్కుపొడుం కూడా వచ్చింది. నా మెడ మీద, భుజం మీద, చెవి డొప్పలో. ఆయన ముద్దుపేరు ఒకానొక కూరగాయ అని తెలిసింది. ఏ కూరగాయో ఇప్పటికీ చెప్పను. ఆ తరవాత, నకలు తన పెట్టెలోనూ మిగిలేలా, గుమాస్తాకు కబురు: "మా బావమరిది కురిడీల్లో బూజుంది. మన లోడులో కలపకు. ఆయన చెవిని పడనివ్వకు."

కురిడీ అంటే కాయలోనే ఎండిన కొబ్బరి. అందులో బూజుందనడం, మా కోనసీమ వర్తకుణ్ణి పుట్టుక పట్టుకుని తిట్టడం కంటే ఒక మెట్టు పైన.

"ఇది ఇంకోడికి కనపడదుగా?"

"దేవుడు దిగొచ్చినా కనపడదండీ."

అధ్యక్షులవారు తలుపు తీసి, "కుర్రోడు బాగున్నాడయ్యా. దీని దగ్గర వీణ్ణే కూచోబెడదాం," అన్నారు. మాస్టారు నా వంక చూసి కన్ను గీటారు. ఆ క్షణాన ఐ.పోలవరం మీదుగా వచ్చే గాలి కూడా నాకు చందనంలా అనిపించింది.

అప్పుడు బావమరిదిగారు ముందుకొచ్చి నా పక్కన కూర్చున్నారు. "నేనూ ఓసారి చూత్తానండి బావగారూ. అబ్బాయ్, ఆయన పెట్టె తెరు."

"అది ఆయనే తెరవాలండీ."

"ఆయనకే తెరుసుకుంటాదో, ఆడికీ ఈడికీ తెరుసుకుంటాదో, అదే కదయ్యా చూడాల్సింది?"

"తెరవమను, తెరవమను," అన్నారు అధ్యక్షులవారు నవ్వుతూ. "రాదుగా!"

తాతగారి పేరు అడిగింది యంత్రం. "రేవు రాతి మీద ఆయన పేరు చెక్కి ఉందిగా! దినాం అక్కడే కదా కాళ్ళు కడుక్కుంటాం," అన్నారు వెనక నుంచి నలుగురు వర్తకులు ఒకే గొంతుతో. కొట్టాను. అమ్మగారి పుట్టిల్లు అడిగింది. బావమరిదిగారు పడీ పడీ నవ్వారు. "ఆవిడ మా మేనత్తండి బాబూ. నేను పుట్టిందీ ఆ ఇంట్లోనే. నా ఇల్లు నన్నడుగుతాదేంటండీ ఇది?"

మిగిలింది ముద్దుపేరు. అది బావమరిదిగారు ఏసీ బకెట్లో దోమలకు కూడా వినపడేలా చెప్పారు. నేను వేలు కావాలనే పక్క అక్షరం మీదికి జార్చాను. 'ఆయ్, ఇంకొక్కసారి సెలవియ్యండి' అంది. మళ్ళీ జార్చాను. మళ్ళీ అదే వినయం. ఆ కూరగాయను ఎన్ని రకాలుగా చెడగొట్టి వండవచ్చో అన్ని రకాలుగానూ వండాను. ఛీ, కాస్తయినా కోప్పడి తలుపు మూసుకోదేం! ఏ యంత్రానికీ అంత మర్యాద పనికిరాదు. అయినా గండం గడిచిపోయేదే. బావమరిదిగారు విసుగుపుట్టి లేవబోయారు కూడా. సరిగ్గా అప్పుడు, తన యంత్రానికి జవాబు తెలియడం లేదని పదిమందీ అనుకుంటున్నారన్న బాధ భరించలేక, మా మాస్టారు నా భుజం మీంచి వంగారు.

"ఆ అక్షరం కాదోయ్ మొద్దూ, పక్కది!" అని, తన వేలితో తానే నొక్కారు.

'దయచెయ్యండి బాబూ.'

పెట్టె తెరుచుకుంది. బూజు పచ్చటి అక్షరాల్లో మెరిసింది.

"నా కురిడీల్లో బూజాండీ బావగారూ?"

"అలా అన్లేదు బావా, అదీ..."

"తమరు వట్టి దగుల్బాజీ అండి."

"ఆయ్, తమరేనండి దగుల్బాజీ. తమ కొట్లో ముక్కు మూసుకోకుండా నిలబడ్డవాడు లేడండి."

ఇద్దరూ ఒక్క 'అండి' కూడా తగ్గకుండా ఏడు తరాలు తిట్టుకున్నారు. చివరకు బావమరిదిగారు కాలి మేజోడు ఊడబెరికి బావగారి మీదికి విసిరారు. ఆయన తప్పుకున్నారు. అది వెళ్ళి కంప్యూటరు తెరకు కొట్టుకుంది. కొట్టుకుని కింద పడలేదు. అతుక్కుంది. అతుక్కుని, 'దయచెయ్యండి' మీంచి మెల్లగా, జిగురు గీత ఒకటి విడుస్తూ కిందికి జారడం మేమందరం నిలబడి చూశాం. ఆ గీతను ఆ తరవాత స్పిరిట్‌తో తుడిచినా పోలేదు.

"గుమాస్తాగాడే నయమయ్యా," అన్నారు అధ్యక్షులవారు మెట్లు దిగుతూ. "అరిత్తే అరిచేడు. ఎవరెవరు విన్నారో మనకీ తెలుత్తాది."

మాస్టారు కింద పడ్డ మేజోడు ఏరి మళ్ళీ తాడు మీద వేశారు. "లోపం యంత్రంలో లేదోయ్," అన్నారు, "కోనసీమలో ఉంది." ఆ మాటకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది. మెడ మీద ముక్కుపొడుం ఇంకా మండుతోంది.

ఈ మధ్య బ్యాంకువాళ్ళ ఫోనులో ఒక గొంతు, నేను నేనేనని తేల్చుకోవడానికి మా అమ్మ పుట్టింటి పేరు అడిగింది. తెలివైన ఏర్పాటని మా ఆవిడ మెచ్చుకుంది. నేను ఫోను పెట్టేసి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను.

ఆ ఏడు మాత్రం, దసరా వెళ్ళిన మర్నాడే స్కూటరు వచ్చింది. దానికంటే ముందు వాసన వచ్చింది. ఐ.పోలవరం షెడ్డు ముందు నన్ను దింపి మావయ్య ఐసు కోసం వెళ్ళిపోయారు. గేటు దగ్గర కాపలాదారు కర్ర అడ్డం పెట్టాడు.

"ఎవరి తాలూకా బాబూ తమరు? తాతగారెవరు?"

చెప్పాను.

"అమ్మగారిదేవూరు?"

తప్పు చెబుదామా అనుకున్నాను. తప్పు చెబితే ఇక్కడి నుంచే అమలాపురం బస్సెక్కి వెనక్కి పోవచ్చు. నేను నోరు తెరిచేలోగా, ఆ జవాబు అతనే చెప్పేశాడు. నా ముద్దుపేరు కూడా అతనే చెప్పాడు, గేటు లోపల తలకాయలు తీస్తున్న ఆడవాళ్ళందరూ తలలెత్తి చూసేంత గట్టిగా.

"ఆయ్, దయచెయ్యండి బాబూ," అని కర్ర తీశాడు. తీసి, గోడకు వరసగా తగిలించి ఉన్న రబ్బరు బూట్లలోంచి ఒక జత దింపి నా ముందు పెట్టాడు. షెడ్డులోకి వెళ్ళేవాళ్ళందరికీ అవేనట.

కాలు దూర్చాను. లోపల తడిగా ఉంది. అప్పుడే విప్పి వెళ్ళినవాడి వేడి ఇంకా ఆరలేదు.