ముద్దకు ముందా, ముద్దకు తర్వాతా?

నా రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, కొలెస్ట్రాల్ మితిమీరినవని డాక్టరుగారు వ్రాసి ఇచ్చిన మందు సిద్దిపేట దుకాణాలలో దొరకలేదు. ఈ రోజు అది హైదరాబాదు బస్సులో వచ్చేసింది! మా బాపు నా వయసులోనే గుండెపోటుతో పోయినందున, ఆ డబ్బా చేతికందగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

భోజనానికి అరగంట ముందు మింగవలెనని డాక్టరుగారి ఆదేశం. ఇంటికి రాగానే నా భార్య కంచం ముందు పెట్టి, గోలీ డబ్బా లాక్కున్నది.

“ఉత్త కడుపున గోలి ఏసుకుంటరా? పేగులు కాల్తయి. ముందుగాల నాలుగు ముద్దలు తినున్రి.”

“బర్లు చేన్ల పడ్డంక కంప కొడ్తమా? తిండి కంటె ముందే మందు కడుపుల ఉండాలె.”

ఆమె గోలీ, నీళ్ళ గ్లాసు అందించింది.

“సరె, మింగున్రి. రేపటి సంది మీరు మింగినంకనే ఎసరు పెడ్త. గీ పూట మాత్రం కంచం ముంగట కూసోని సూడున్రి.”

రాత్రి కళాశాలలో చదివి పట్టభద్రుడనైన నేను బడిపిల్లవాడిలా చేతులు కట్టుకొని కూర్చున్నాను. ఆ అరగంట ఆమె కూడా మెతుకు ముట్టలేదు. బాపు వయసు దాటగలనన్న ధైర్యం నాకు మొదటిసారి కలిగింది.

మీ ఇండ్లలో గోలీ ముందా, ముద్ద ముందా? దయచేసి తెలుపగలరు.