ఎడమచేతి అతుకు

ఈత కొలనుకు వచ్చినవాళ్లు నీళ్ల గురించి మాట్లాడతారు. నీళ్లు చల్లగా ఉన్నాయంటారు, క్లోరిన్ మందు ఎక్కువైందంటారు, కళ్లు మండుతున్నాయంటారు. కొలను చుట్టూ ఉండే నేల సంగతి ఎవరికీ పట్టదు. కాలు జారి పడ్డప్పుడు మాత్రం ఆ నేల వేసినవాడి ఏడు తరాలనూ తలుచుకుంటారు. అలా జారకుండా కాంక్రీటు మీద గరుకు పూత వేయడమే ఈ కథలో పెద్దాయన పని. ముప్పై రెండేళ్లుగా అదే పని చేస్తున్నాడు కాబట్టి అందరూ గరుకాయన అంటారు. ఆ పేరు పని వల్ల రాలేదు, నోటి వల్ల వచ్చిందని అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు చెప్పేదీ పూర్తిగా అబద్ధం కాదు.

ఈ పని చూసేవాళ్లకు తేలిగ్గానే ఉంటుంది. పిండిలా కలిపిన పూతను పిచికారీ గన్నుతో నేల మీద చుక్కలు చుక్కలుగా చల్లాలి. చుక్కల మీద తడి మెరుపు పోయేదాకా ఆగి, తాపీతో పైపైన అదిమి లాగాలి. తొందరపడితే అంతా చదునైపోయి నేల జారుతుంది. ఆలస్యం చేస్తే చుక్కలు ముళ్లలా గట్టిపడి పిల్లల మోకాళ్లు చెక్కుకుపోతాయి. సరైన సమయం మహా అయితే పది నిమిషాలు. ఆ పది నిమిషాలకు ఇద్దరు మనుషులు కావాలి. పద్నాలుగేళ్ల పాటు గన్ను గరుకాయనది, తాపీ తమ్ముడిది.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, పిన్ని కొడుకు. ఇరవయ్యో ఏట పని వెతుక్కుంటూ వచ్చి అన్న గదిలో దిగాడు, ఇక అక్కడే ఉండిపోయాడు. ఎడమచేతి వాటం. గరుకాయన మొదట్లో ఆ చేతిని మార్చాలని నానా తంటాలు పడ్డాడు. తర్వాత ఆ చేయి లాగిన నేలను ఓసారి వంగి చూసి, ఇక నోరెత్తలేదు. చుక్కలన్నీ ఒకే వైపుకు ఒదిగి, ఆకులు రాలినట్టు పరుచుకున్నాయి. కుడిచేతి వాళ్లెవరూ అలా లాగలేరు.

తమ్ముణ్ణి ఆయన కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఈ మాట ఆయన చెప్పుకున్నదే. పొద్దున్నే ఏ చొక్కా వేసుకోవాలో తీసి పెట్టేవాడు. క్యారేజీలో ఏం పెట్టాలో ఆయనే చెప్పేవాడు, దీపం ఎప్పుడు ఆర్పాలో కూడా ఆయనే. రెండు సంబంధాలు వచ్చాయి. ఎండాకాలంలో వస్తే "పని కాలంలో పెళ్లేంట్రా" అన్నాడు, వానాకాలంలో వస్తే "వానల్లో పెళ్లేంట్రా" అన్నాడు. పెళ్లికి అనువైన మూడో కాలం ఏదో ఆయనే చెప్పాలి. తమ్ముడు తలూపేవాడు. తలూపేవాడికి మనసులో కూడా అదే ఉంటుందని గరుకాయన గట్టి నమ్మకం.

తొమ్మిదేళ్ల కిందట ఒక క్లబ్బు కొలను చుట్టూ పూత వేశారు. ఇద్దరూ కలిసి వేసిన వాటన్నిటిలో అదే పెద్దది, అదే ఆఖరిది. చివరి రోజు కంప్రెసర్ చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే క్లబ్బు సెక్రటరీ వచ్చి, కింద చూస్తూ, "ఎవరి పనయ్యా ఇది?" అని అరిచాడు. గరుకాయన ఛాతీ పొంగింది. "అంతా మా తమ్ముడి చేతివాటమండీ!" అని అంతకంటే గట్టిగా అరిచాడు.

సెక్రటరీ చూస్తున్నది నేలను కాదు, బల్లను. స్నానానికి వెళ్తూ దాని మీద పెట్టిన చేతిగడియారం కనపడక అడిగాడు. మన భాషలో చేతివాటమంటే పనితనమూ అవుతుంది, పక్కవాడి వస్తువు కాజేయడమూ అవుతుంది. ఇంత గొప్ప భాషకు ఈ ఒక్క పొదుపు ఎందుకో! తమ్ముడి సంచీ అందరి ముందూ నేల మీద బోర్లించారు. అరగంటకు గడియారం సెక్రటరీ కోటు జేబులోనే దొరికింది. ఆయన "పొరపాటైంది" అన్నాడు. తమ్ముడు చిందిన సామాను ఏరి సంచీలో వేసుకున్నాడు. ఆ సాయంత్రమే గదికొచ్చి పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత గరుకాయన ఇంకో మనిషిని పెట్టుకోలేదు. ఒక్కడే కొంచెం చల్లి, గన్ను పక్కన పడేసి, పరిగెత్తి తాపీ అందుకుని లాగుతాడు. చల్లడం అవ్వగానే అలవాటు కొద్దీ "ఊఁ, లాగు" అని కేక వేస్తాడు. ఖాళీ కొలనులో ఆ కేక తిరిగి వినిపిస్తుంది. అప్పుడు ఆయనకు ప్రాణం ఉసూరుమంటుంది. గదికి వెళ్తే అదీ లేదు, ఆయన దగ్గు తప్ప ఇంకో చప్పుడు ఉండదు. తమ్ముడికి పెళ్లయిందనీ, బస్సులో మూడు గంటల దూరంలో ఉంటున్నాడనీ పిన్ని చెప్పింది. ఫోను నంబరు కూడా ఇచ్చింది. ఆ నంబరు ఆయనకు కంఠతా వచ్చింది గానీ, నొక్కడానికి వేలు రాలేదు. దొంగ అన్న మాటకు క్షమాపణ ఫోనులో చెప్తే ఏం బాగుంటుంది? ఎదురుగా నిలబడి చెప్పాలి. ఏం చెప్పాలో మాట మాటా కూర్చుకుని పెట్టుకున్నాడు.

ఇలా ఉండగా ఆ క్లబ్బు మేనేజరమ్మ కబురు పెట్టింది. స్నానాల గది పక్కన నేల కింద పైపు కారి, చెమ్మ పైకి తన్ని, పూత బొబ్బలెక్కి లేచిపోయింది. మంచమంత మేర కాంక్రీటు బయటపడింది.

"అతుకు వేయండి, కాదనను," అందామె. "కానీ అతుకని తెలియకూడదు. తెలిసేలా ఉంటే మొత్తం కొట్టించి టైల్స్ వేయిస్తామని కమిటీ వాళ్లు పట్టుబట్టారు. సోమవారం వచ్చి చూస్తారు."

మొత్తం కొట్టిస్తే ఆ నేలతో పాటు తమ్ముడి చేయి కూడా పోతుంది. ఆ చేయి తాలూకు అంత పెద్ద గుర్తు ఇంకెక్కడా లేదు. గరుకాయన భయపడ్డాడు. గదిలో చెక్క పలకల మీద పూత వేసి, తాపీ ఎడమ చేత్తో పట్టి లాగి చూశాడు. పలకలు పాడయ్యాయి, మణికట్టు వాచింది. మర్నాడు ఎండిన కొలనులోకి దిగి, గట్టు మీద పెట్టిన ఇంకో పలక మీద, లోపలి నుంచి చేయి చాచి కుడిచేత్తో ఎదురు వైపుకు లాగి చూశాడు.

"లోపల ఏం చేస్తున్నారండీ?" అంది మేనేజరమ్మ గట్టు మీద నిలబడి.

"ఎడమచేతి వాణ్ణి అవుతున్నానండీ."

"అయ్యారా?"

"ఈ జన్మకు కాదులెండి," అన్నాడు పైకి రాలేక మెట్లు వెతుక్కుంటూ.

ఆ మధ్యాహ్నం నంబరు నొక్కాడు. అవతల గొంతు గుర్తుపట్టగానే కూర్చుకున్న మాటలన్నీ గాలికి పోయాయి. పని సంగతే చెప్పాడు.

"ఎంత మేర?" అన్నాడు తమ్ముడు.

"మంచమంత."

"చెమ్మ ఆరిందా?"

"పైపు మార్చారు. ప్లాస్టిక్ కాగితం అతికించి ఒక రోజు ఉంచి చూశాను. అడుగున తడి పట్టలేదు."

"ఆదివారం పొద్దున వస్తా," అన్నాడు తమ్ముడు.

వచ్చాడు. జుట్టు నెరిసింది, కొంచెం ఒళ్లు చేశాడు. సొంత తాపీ తెచ్చుకున్నాడు. ఇద్దరూ అంచులు గీకారు, దుమ్ము కడిగారు, అడుగు పూత వేసి ఆరనిచ్చారు. గరుకాయన గన్ను పట్టి చల్లాడు. ఇద్దరూ చుక్కల మెరుపునే చూస్తూ పక్కపక్కన గొంతుక్కూర్చున్నారు. "ఊఁ" అని అన్న అనబోయేలోపే తమ్ముడి చేయి కదిలింది. నాలుగుసార్లు లాగేసరికి పాత నేలా కొత్త నేలా కలిసిపోయాయి. అతుకు ఎక్కడ మొదలైందో గరుకాయనకే తెలియలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"ఒరేయ్," అన్నాడు. "ఆ రోజు నేనన్నది నేల గురించిరా. గడియారం సంగతి నాకు తెలీనే తెలీదు. తొమ్మిదేళ్లుగా ఈ మాట నీకు చెప్పాలని..."

"నాకు తెలుసన్నా."

"ఏం తెలుసు?"

"నేల గురించే అన్నావని. అప్పుడే తెలుసు. నేను పక్కనే ఉన్నాను కదా."

గరుకాయన తల తిప్పి చూశాడు. "మరి ఎందుకు వెళ్లావురా?" అన్నాడు.

తమ్ముడు తాపీ అంచుకు అంటిన పూతను గోటితో గీకాడు. "వెళ్లాలని ఎప్పట్నుంచో ఉంది. అప్పటికి ముప్పై నాలుగేళ్లొచ్చాయి, నాకు ఏ చొక్కా ఇష్టమో నాకే తెలీదు. వెళ్తానంటే నువ్వు పంపవు. నేను గట్టిగా అడగలేను. ఆ రోజు సంచీ బోర్లించారు కదా, అదొక వంక దొరికింది."

"ఆ సంగతి ఒక్క ముక్క చెప్తే పోయేది కదరా! నిన్ను దొంగను చేశానని ఇన్నేళ్లూ కుమిలిపోయాను."

"చెప్తే బతిమాలడానికి వచ్చేవాడివి. వచ్చి, అక్కడ కూడా అన్నీ నువ్వే సర్దేవాడివి." ఆ మాట కోపంగా అనలేదు, చెప్పీ చెప్పనట్టు అన్నాడు. అదే ఎక్కువ తగిలింది.

చెయ్యని తప్పుకు తొమ్మిదేళ్లు ఏడ్చాడు గరుకాయన. చేసిన తప్పు ఇవాళ తెలిసింది. అలా కాదురా అనబోయి, చేతుల వంక చూసుకున్నాడు. మాటల్లో ఉండగానే ఆ చేతులు తమ్ముడి బకెట్టు కడిగేశాయి, గుడ్డ మడత పెట్టేశాయి. ఇప్పుడు తమ్ముడి సంచీ జిప్పు లాగుతున్నాయి, లోపల ఏది ఎక్కడ పెట్టాలో చూడ్డానికి.

గరుకాయన సంచీ మెల్లగా కింద పెట్టాడు. "నువ్వే సర్దుకో," అన్నాడు.

తమ్ముడు సర్దుకున్నాడు. తడి గుడ్డను పొడి చొక్కా మీద పెట్టాడు. చొక్కా తడిసిపోతుందిరా అని గరుకాయన నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి కొలను వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు చేసిన పనులన్నిటిలోకీ అదే కష్టమైంది.

గేటు దగ్గర తమ్ముడు వెనక్కి తిరిగి, "వస్తానన్నా," అన్నాడు.

వెళ్లిపోయేవాళ్లంతా అనే మాటే అది. ఎప్పుడొస్తావని అడగబోయి గరుకాయన ఆగాడు. "సరే," అన్నాడు. పూత ఆరడానికి ఇంకా నాలుగు గంటలు పడుతుంది. ఎవరూ తొక్కకుండా చూడాలి కాబట్టి, తిరిగి వెళ్లి ఆ పక్కనే కూర్చున్నాడు.