మట్టి గుట్ట దిగే దారి

జీపులేసుకుని గుట్టలెక్కే మా దోస్తుల్లో దారి చూసే పని నాది. ఆదివారం బయల్దేరాలంటే వారం మొదటి నుంచే నా ఫోన్‌కు కుదురుండదు. సిగ్నల్ లేని చోట కూడా పనికొచ్చేలా మ్యాపు ముందే యాప్‌లోకి దించుకుంటాను. వాగు ఎక్కడ దాటొచ్చు, ఏ ఎక్కుడు మీద టైర్లు జారతాయి, గుడారం ఎక్కడ వేస్తే గాలికి లేచిపోదు, అన్నిటికీ గుర్తులు పెట్టుకుంటాను. బొగ్గు బాయిలో డ్యూటీ చేసి పైకొచ్చినవాడికి ఇంకా పైకి ఎక్కాలనిపిస్తుంది. ఈ మాట మా ఆవిడకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. "తారు రోడ్డున్న చుట్టాలింటికి తీస్కపొమ్మంటె మాత్రం తీరదు" అని మా సెంటినరీ కాలనీ అంతా వినేలా అంటుంది.

దీపావళి దగ్గర పడుతుండగా మా అక్క వచ్చింది. నేను మంచం మీద కూర్చుని ఫోన్‌లో దారులు వెతుకుతున్నాను. పక్కన చేరి చూసి చూసి, "గిండ్ల మా ఊరు కనవడ్తదా?" అంది.

అక్క అత్తగారి ఊరు ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్ట్ గనిలో పోయింది. ఊరివాళ్ళకు వేరే చోట కాలనీ కట్టిచ్చారు. ఇళ్ళతో పాటు ఊరవతల సమాధులున్న బొందలగడ్డ కూడా పోయింది. అందులో అక్క బిడ్డ ఉంది. రెండో తరగతి చదువుతుండగా జ్వరమొచ్చి చనిపోయింది.

మా వాళ్ళకు దీపావళి అంటే టపాకాయల కంటే ముందు సమాధులే గుర్తొస్తాయి. ఆ రోజు బొంద చుట్టూ గడ్డి పీకి, సున్నమేసి, దీపం పెట్టి, పోయినవాళ్ళకు ఇష్టమైన తిండి అక్కడ పెట్టి వస్తాం. ఊరు పోయాక అక్కకు ఆ దీపం పెట్టే చోటు లేకుండా పోయింది. గడప ముందు ఒక దీపం ఎక్కువ పెట్టుకునేది. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

నేను దించుకున్న మ్యాపు పాతది. పైనుంచి తీసిన ఆ ఫోటోలో ఊరు ఇంకా ఉంది. నీళ్ళ ట్యాంకు, బడి కప్పు, రోడ్డు వంపు, అన్నీ ఉన్నాయి. లేని ఊరు నా అరచేతిలో ఎండ కాచుకుంటూ కనిపించింది. అక్క వేలు రోడ్డు వంపు దాటి, మెట్ట చెలకలు దాటి, ఒక చోట ఆగింది.

"గీడనే. పండుగ నాడు నన్ను తోల్కపోతవా తమ్మీ?"

"తోల్కపోత అక్కా," అని ఆ చోట గుర్తు పెట్టాను.

ఏ ట్రిప్పుకూ నేను అంత శ్రద్ధగా ప్లాన్ వేయలేదు. ఊరున్న వైపంతా ఇప్పుడు మట్టి గుట్ట, బొగ్గు కోసం తవ్వి తీసిన మట్టిని పోసిన గుట్ట. దాని మీద మేము ఎన్నోసార్లు గుడారాలు వేసుకుని కోడి కాల్చుకుని తిన్నాం. బిడ్డ ఆ గుట్ట అడుగున ఉంటుంది, పైన సరిగ్గా ఆ చోట దీపం పెడితే చాలనుకున్నాను.

పండుగ మధ్యాహ్నం బయల్దేరాం. అక్క ఒళ్ళో సర్వపిండి రొట్టెల మూట ఉంది. మాడిన అంచుల కోసం ఆ పిల్ల అందరితో కొట్లాడేది. జీపు గుట్ట ఎక్కుతుంటే ఫోన్‌లో దూరం తగ్గుతూ వచ్చింది. అక్క కన్ను దాని మీంచి తిప్పలేదు.

గుట్ట అంచున మట్టి కట్ట అడ్డమొచ్చింది. ఫోన్‌లో బాణం మాత్రం ఇంకా ముందుకే చూపిస్తోంది. దిగి, కట్ట ఎక్కి చూశాం. అవతల నేల లేదు. పనైపోయి వదిలేసిన పెద్ద గొయ్యి, అడుగున పచ్చటి నీళ్ళు. బిడ్డను పెట్టిన చోటు ఆ నీళ్ళ మీద గాలిలో ఎక్కడో ఉంది.

నా మీద నాకే అసహ్యం వేసింది. రోజూ భూమి కిందికి దిగొచ్చే మనిషిని. మా బాయి మ్యాపులో లోతు రాయకుండా ఏదీ ఉండదు. అలాంటిది ఫోన్‌లో చదునుగా కనిపించేసరికి నేల అక్కడే ఉంటుందని నమ్మాను. గుట్ట ఎక్కడ ఆగుతుందో, గొయ్యి ఎక్కడ మొదలవుతుందో పాత ఫోటోలో ఎట్లా ఉంటుంది?

అక్క ఏడవలేదు. "ఈడ తీసిన మన్ను ఏడ పోసిండ్రు తమ్మీ?" అంది.

దీనికి జవాబు మా బొగ్గు ఊళ్ళలో ఎవరికైనా తెలుసు. అక్కకూ తెలుసు.

"ఈ గుట్టనే అక్కా."

వెనక్కి తిరిగి, తుమ్మలు మొలిచిన ఆ మట్టిని ఆ చివరి దాకా చూసింది. చెప్పులు విప్పింది. నేనూ విప్పాను. సర్వపిండి తుంచి, చేతికందినంత మేర ముక్కలు చల్లింది. దీపం మాత్రం వెలిగించలేదు. ఎక్కడ పెట్టాలో ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు. కాస్త దూరంలో మా పొయ్యి రాళ్ళు నల్లగా కనిపిస్తుంటే అటు చూడలేకపోయాను.

జీపు ఎక్కమంటే అక్క ఎక్కలేదు.

"నేను ముంగట నడుస్త. నువ్వు మెల్లగ రా. ఈ మన్నుల పోరి యాడున్నదో ఏమో."

ఫోన్ ఆపేశాను. అక్క ఒట్టి కాళ్ళతో నేలను చూసుకుంటూ నడిచింది. ఆమె చెయ్యి ఎటు చూపిస్తే అటు తిప్పుతూ, ఫస్ట్ గేర్‌లో వెనకాలే దిగాను. ఎటు చూసినా ఒకే మట్టి. సగం దిగాక చెయ్యెత్తి బండి ఆపించింది. వంగి చాలాసేపు చూసి, ఆ చోటు తొక్కకుండా నన్ను దూరం నుంచి చుట్టు తిప్పి పోనిచ్చింది. దాటుతూ చూస్తే నాకు అక్కడా అదే మట్టి కనిపించింది.