రేజాన్ మాస్టారి వంటగది తలుపులు

రేజాన్ తివియేర్జ్ మా ఊరి వృత్తి విద్యాలయంలో చెక్కపని మాస్టారు. బీరువాలు, తలుపు చట్రాలు, మెట్లకు చేతిపట్టెలు చేయడం నేర్పేవాడు. సెప్టెంబరులో కొత్త పిల్లలు రాగానే తలా ఒక చెక్కముక్క చేతికిచ్చి వాసన చూడమనేవాడు. వాళ్లు తెల్లమొహాలు వేస్తే తనే కళ్లు మూసుకుని గాఢంగా పీల్చి, "చెట్టు మాట్లాడుతోంది, వినండి" అనేవాడు. చెట్టు ఏమందో ఏనాడూ చెప్పలేదు. మా క్యుబెక్ రాష్ట్రం మొత్తంలో ఒక్క మేకూ కొట్టకుండా బీరువా నిలబెట్టగల మగాడు తానేనని ఆయన నమ్మకం. అలా నిలబెట్టిన బీరువాను మాత్రం మేమెవరం చూడలేదు.

ఆయన ఇంట్లో వంటగది అరలకు తలుపులే లేవు. పెళ్లయిన వేసవిలోనే, "ఈ చెత్త నా ఇంట్లోనా?" అంటూ పాతవాటిని పీకి మంటలో వేశాడు. కొత్తవి చేస్తానని చెర్రీ చెక్క పలకలు తెచ్చి నేలమాళిగలో పేర్చాడు. పిల్లలు పుట్టారు, పెద్దయ్యారు, పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయారు. పలకలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

భార్య యుగెట్ బడి బస్సు నడిపేది. గిన్నెలూ కప్పులూ బయటికి కనబడకుండా స్నానాలగది పరదా ఒకటి కత్తిరించి అరలకు వేలాడదీసింది. దానినిండా పసుపు బాతులు.

"ఈ ఏడాదైనా చేస్తావా?" అని అడిగేది.

"ఇంకా ఆరలేదు యుగెట్. తొందరపెడితే వంకరపోతుంది."

"అది ఆరేలోపు నేను పోయేట్టున్నాను."

"చెక్క సంగతి నీకు తెలీదులే."

ఆయన దగ్గర చదివినవాళ్లలో కోరాలీ గన్యే అనే అమ్మాయి ఉండేది. వాసన చూడమన్న రోజున, "నాకు జలుబు మాస్టారూ" అంది. క్లాసంతా పగలబడి నవ్వింది. రేజాన్ ఆ నవ్వును మనసులో పెట్టుకున్నాడు. ఆ పిల్ల చేసిన చేతిపట్టెను ఒకరోజు అందరి ముందూ పైకెత్తి, "ఇది పట్టుకుని మెట్లు దిగితే నేరుగా శ్మశానానికే" అన్నాడు. కోరాలీ ఏడవలేదు. చదువు ముగించి, ఊరి చివర పాత ఆవుల కొట్టం అద్దెకు తీసుకుని పని మొదలుపెట్టింది. ఇప్పుడు మా ఊళ్లో సగం వంటగదులు ఆ పిల్ల చేతివే.

ఒక ఫిబ్రవరిలో రేజాన్ స్నేహితులతో కలిసి, గడ్డకట్టిన నది మీద గుడిసె వేసుకుని వారం పాటు చేపలు పట్టడానికి వెళ్లాడు. ట్రక్కు మలుపు తిరిగిందో లేదో, యుగెట్ కోరాలీకి ఫోన్ చేసింది.

కోరాలీ నేలమాళిగలోకి దిగి, పలకలకు తేమ కొలిచే పరికరం ఆనించి ఫక్కున నవ్వింది.

"ఆరిందా?" అంది యుగెట్.

"నేను పుట్టకముందే ఆరింది మేడం."

"అయితే కోసెయ్."

"మాస్టారు నన్ను చంపేస్తారు!"

"ముందు నన్ను చంపాలిగా. నువ్వు కోసెయ్."

రేజాన్ చేపల సంచీతో తిరిగొచ్చి, అరలకు కొత్త తలుపులు చూసి వంటగది గుమ్మంలోనే నిలబడిపోయాడు. తేరుకున్నాక చర్చి సామాన్లన్నిటినీ పేరుపేరునా ఎత్తి తిట్టాడు. మావాళ్ల తిట్లన్నీ చర్చి సామాన్ల పేర్లే. తలుపులు తెరిచాడు, మూశాడు. చప్పుడు కాలేదు. మూలమట్టం తెచ్చి ఆనించాడు. వెలుతురు దూరే సందు దొరకలేదు. తలుపులతోపాటు కొత్తగా వెలసిన సొరుగు ఒకదాన్ని పూర్తిగా బయటికి లాగి, తలకిందులు చేసి చూశాడు.

"చెట్టు ఏమంటోంది?" అంది యుగెట్.

"వేసవి రానీ. అన్నీ వంకరపోతాయి."

ఆనాటి నుంచి పొద్దున్నే కాఫీకన్నా ముందు స్కేలు పట్టుకుని తలుపుల చుట్టూ తిరిగేవాడు. జులై ఉక్కపోతలో చెక్కకు తేమ తగలాలని కిటికీలన్నీ బార్లా తెరిచిపెట్టాడు. పెద్ద గిన్నెలో నీళ్లు గంటల తరబడి మరగబెట్టాడని యుగెట్ ఊరంతా చెప్పింది. ఎట్టకేలకు పొయ్యి పక్క తలుపు ఒకటి వెంట్రుకవాసి వంగింది. కొడుకు పుట్టినప్పుడు కూడా ఆయన మొహం అంత వెలగలేదట! ఇరుగుపొరుగును పిలిచి చూపించాడు. అది చాలక, సెప్టెంబరులో కొత్త క్లాసును మొత్తం ఇంటికి తోలుకొచ్చాడు.

"చూశారా? చెక్కను తొందరపెడితే ఇదీ గతి!" అని చాలాసేపు ఉపన్యసించాడు.

వెనక నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మిగతావన్నీ తిన్నగానే ఉన్నాయి కదా మాస్టారూ. అవి మీరు చేసినవా?"

రేజాన్ గొంతు సవరించుకున్నాడు.

"చెక్క నాది" అన్నాడు.

పొయ్యి దగ్గర యుగెట్ నవ్వాపుకోలేక గరిటె జారవిడిచింది. తర్వాత పిల్లలందరికీ బఠాణీ సూపు పోసింది.

ఆ ఏడాది చివర్లో ఆయన రిటైరయ్యాడు. విద్యాలయం వాళ్లు ఆ ఉద్యోగం కోరాలీకి ఇస్తామంటే, చేతినిండా పనుంది, తీరిక లేదు పొమ్మంది. ఇప్పుడు రేజాన్ ఎవరింటికి భోజనానికి వెళ్లినా కోటైనా విప్పకుండా వంటగదిలో దూరి, తలుపులు తెరిచి మూసి పెదవి విరుస్తాడు. అందుకే ఆయన్ను పిలవడం మానేశాం. యుగెట్‌ను మాత్రం విడిగా పిలుస్తాం. ఆవిడ వస్తూ వస్తూ మేపుల్ చెట్టు పాకంతో చేసిన 'పై' అనే తీపి రొట్టె తెస్తుంది, మాతో పేకాడుతుంది, చీకటి పడ్డా ఇంటికెళ్లాలన్న తొందర కనబరచదు.